అడ్డంగా కోసిన పట్టీలు

ఒక వస్తువులో కనిపించే గుణం ఆ వస్తువుదా, లేక ఆ వస్తువుకు జరిగినదానిదా?

మాడిన పాలగిన్నె తోముతూ ఆమె తనను తాను ప్రశ్నించుకుంది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు సమాధానం దొరకలేదు. గిన్నె ఎలా మాడిందో మాత్రం తెలుసు. అరగంట క్రితం ఆమె స్నానాలగదిలో అత్తగారి వీపు రుద్దుతోంది. భర్త వంటింట్లో పొయ్యి పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. "ఇదిగో, పాలు పొంగుతున్నాయి!" అని అక్కడినుంచే కేకేశాడు. తడిచేతులతో ఆమె పరుగెత్తుకొచ్చేసరికి పొంగడం అయిపోయి మాడడం మొదలైంది. పొయ్యి మీట ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది.

"కట్టేయొచ్చు కదండీ."

"పిలిచాగా" అన్నాడు ఆయన. అందులో తప్పేమిటో ఆయనకు నిజంగానే తెలియలేదు. పైగా ఆమె ముఖం చూసి నవ్వుతూ, "గిన్నె మాడితే మాడింది, మొత్తం మీద పాలు మిగిలాయి కదా" అన్నాడు.

మొత్తం మీద. ఆయనకు ఇష్టమైన మాట అది. పెళ్ళయిన కొత్తలో ఆ మాటలో ఒక ఓదార్పు వినిపించేది. ఇంటికి వచ్చిన బంధువులతో ఆయన అంటుండేవాడు: "మా ఆవిడ పుస్తకాల పురుగు. తత్వం చదువుతుంది, కూరలో ఉప్పు మర్చిపోతుంది. అయినా మొత్తం మీద మంచిదే." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు ఎవరిదని ఇప్పుడు అడిగితే ఆమె చెప్పలేదు. ఒక వైపు నుంచి పదే పదే నొక్కితే ఏ ముఖమైనా నవ్వినట్టే గట్టిపడిపోతుంది.

ఆమె పదిహేడేళ్ళుగా ఒక లోహ పరీక్షశాలలో పనిచేస్తోంది. పని టైటానియం రేకుల మీద. ఇంకే లోహమూ కలపని శుద్ధమైన టైటానియం. విరిగిన ఎముకలను కలిపి ఉంచడానికి శరీరంలో అమర్చే ప్లేట్లను ఈ రేకుల నుంచే కోస్తారు. అందుకని ముందుగా రేకును రెండు ఉక్కు రోలర్ల మధ్య పదేపదే పంపి సాగదీస్తారు. మెత్తగా వచ్చిన రేకు సగం మందానికి తగ్గి గట్టిపడుతుంది. తరువాత ఇసుకతో కొట్టి, యాసిడ్‌ తొట్టిలో ముంచి, ఎముక పట్టుకునేలా పైభాగాన్ని గరుకు చేస్తారు. ఇన్ని చేశాక ఆ రేకు ఎంత బరువుకు సాగుతుంది, ఎంత వంచితే పగులుతుంది అన్నది ఆమె చూసి చెప్పాలి. పరీక్షశాలలో అందరూ ఆమెను రేకులక్క అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో గుర్తులేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

చూడవచ్చిన పెద్దలు చల్లని గట్టి రేకును చేతితో తట్టి "ఎంత బలమో!" అంటారు. ఎన్నిసార్లు నొక్కారని ఒక్కరూ అడగరు. బలం అనేది మొదటి నుంచీ రేకులోనే ఉన్నట్టు మాట్లాడతారు. అత్తగారు కూడా ఆమె చేతులు పట్టుకుని అలాగే అంటుంది: "ఇనుప చేతులే నీవి, అమ్మాయ్. ఎంత చాకిరీ అయినా అలుపుండదు." అది మెచ్చుకోలే. అయితే ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ, తనకు జరిగినదాన్ని తన గుణంగా లెక్కవేసి తనకే బహుమతిగా ఇస్తున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. లోహంతో తనను పోల్చుకోవడం ఆమెకు నచ్చదు. లోహానికి నొప్పి లేదు, ఫిర్యాదు లేదు. నిజానికి ఆ పోలిక ఆమె చేసింది కాదు. వాళ్ళే చేశారు, మెచ్చుకోలుగా.

గిన్నె అడుగు తెల్లబడింది. ఆమె చేతులు తుడుచుకుని, అత్తగారికి అన్నం కలిపి తినిపించింది. మూడు నెలల క్రితం అత్తగారు గుమ్మం దగ్గర జారిపడి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. లోపల టైటానియం ప్లేటు వేశారు. అప్పటినుంచి స్నానం, తిండి, తల దువ్వడం అన్నీ ఆమె పనే. ఆ పనులు అంతకుముందు ఉన్న పనుల పైన వచ్చి చేరాయి. కిందివి ఎక్కడికీ పోలేదు.

"నా చేతిలో ఉన్నది మీ రేకేనా?" అని మొదటి వారం అత్తగారు అడిగింది.

"ఏమో అత్తయ్యా. ప్లేటు మీద మా పేరుండదు కదా."

"నీదే అయ్యుంటుంది. చలికి సలుపుతోంది. కోడలి రేకు కాబట్టే ఇంత మొండి" అని నవ్వింది అత్తగారు. ఆమెకూ నవ్వొచ్చింది. అది మాత్రం తన నవ్వే.

ఆ ఉదయం బస్సులో కూర్చున్నప్పుడు ఆమె మనసు పట్టీల చుట్టూనే తిరిగింది. మూడు వారాలుగా తిరుగుతూనే ఉంది.

రోలర్ల గుండా వెళ్ళిన రేకుకు ఒక దిశ ఏర్పడుతుంది. లోపలి రేణువులన్నీ ఒక తీరుగా ఒరుగుతాయి. రోలర్లు నడిచిన దారి వెంట నిలువుగా కోసిన పట్టీ ఒక రకంగా వంగుతుంది, దానికి అడ్డంగా కోసిన పట్టీ మరో రకంగా. పైకి రెండూ ఒకటే. కోసేశాక ఏది ఏదో కన్ను చెప్పలేదు. అందుకే ఆమెకు మొదటి నుంచీ ఒక అలవాటు. అడ్డంగా కోసిన ప్రతి పట్టీకీ ఒక మూలను చిన్నగా తెగ్గొడుతుంది. గీత గీస్తే ఇసుక దెబ్బకు చెరిగిపోతుంది. సిరా అయితే యాసిడ్‌లో కరిగిపోతుంది. లేని మూలను మాత్రం ఏ యాసిడూ తినలేదు.

ఇన్‌చార్జికి ఆ అలవాటు నచ్చలేదు. ఆయన ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. ఈ పనికి వచ్చి రెండేళ్ళయింది. "మూలలు తెగ్గొట్టిన పట్టీలు ఫోటోలో ఎలుకలు కొరికినట్టుంటాయి మేడం. నీట్‌గా మార్కర్‌తో రాయండి చాలు" అన్నాడు.

"మార్కర్ యాసిడ్‌లో నిలవదు సార్."

"మంచి మార్కర్ తెప్పిద్దాం లెండి. ప్రతిదానికీ మీ అమ్మమ్మల కాలం పద్ధతులేనా?"

ఆమె "సరే సార్" అన్నది. అన్న తరువాత, ఎవరూ చూడకుండా నాలుగు పట్టీలను, రెండు నిలువువి, మూల తెంపిన రెండు అడ్డంవి, తన పద్ధతిలోనే తయారుచేసి సొరుగులో పెట్టుకుంది. ఎదురు చెప్పలేని మనిషి తెలివంతా సొరుగుల్లోకే పోతుంది. ఆ రోజు ఇంకొక్క మాట గట్టిగా అని ఉంటే తరువాత జరిగినదేదీ జరిగేది కాదని ఆమెకు తెలుసు. ఆ తప్పు ఎవరి మీదికీ నెట్టలేదు. "సరే" అన్నది తన నోరే.

మంచి మార్కర్ రెండు నిమిషాలు నిలిచింది. మూడో నిమిషానికి తొట్టిలోంచి నలభై పట్టీలు బయటికి వచ్చాయి. బూడిదరంగులో, గరుగ్గా, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు. ఏది నిలువో ఏది అడ్డమో చెప్పే ఆనవాలు ఒక్కదాని మీదా లేదు. ఇన్‌చార్జి ముఖం పాలిపోయింది. ఆ రేకు ఎముకల ప్లేట్లు చేసే ఒక కంపెనీది. రిపోర్టు పది రోజుల్లో వెళ్ళాలి. ముఖం తుడుచుకున్నాడు. ఆ తరువాత రంగు తిరిగొచ్చింది. "ఇందులో కంగారేముంది? నలభై కలిపేసి సగటు తీసేద్దాం" అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోనని నోటితో అనలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి, ఖాళీగా ఉన్న గదిలో పట్టీలను ఒక్కొక్కటిగా సన్నని దారానికి వేలాడదీసి, గాజుకడ్డీతో తట్టి వింది. ఒకే కొలతలో కోసిన పట్టీలు కనుక గట్టిదనంలో ఉన్న తేడా మోతలో తెలుస్తుంది. అడ్డంగా కోసినది కాస్త హెచ్చు స్వరంలో మోగుతుంది. సొరుగులోని నాలుగింటినీ మళ్ళీ మళ్ళీ తట్టి, ఆ రెండు స్వరాలనూ చెవిలో నిలుపుకుని, మిగతావాటిని వాటితో పోల్చింది. రెండు రోజులు పట్టింది. పూర్తయ్యాక రెండు కుప్పలనూ లెక్కపెట్టింది. ఇరవై, ఇరవై. ఎన్ని నిలువుగా కోశారో ఎన్ని అడ్డంగా కోశారో అంతే. ఆ గదిలో ఒంటరిగా నిలబడి ఆమె చాలాసేపు ఆ కుప్పలను చూసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ తోచలేదు.

ఆ తరువాత వంచింది. నిలువు పట్టీలు సగటున నూటపది డిగ్రీల వరకూ పగలకుండా వంగాయి. అడ్డం పట్టీలు యాభైఆరు దగ్గరే పగిలాయి. భూతద్దంలో చూస్తే యాసిడ్ తవ్విన గుంటల దగ్గర మొదలైన సన్నని చీలికలు, వరసగా. కంపెనీ అడిగింది ఎనభై. నలభై కలిపితే ఎనభైమూడు వస్తుంది. కలిపితే రేకు పాస్, విడదీస్తే అడ్డంగా కోయడానికి రేకు పనికిరాదు. ప్లేట్లు కోసేవాళ్ళు రేకు వృథా కాకుండా నిలువుగా, అడ్డంగా ఎటు వీలైతే అటు కోస్తారు.

ఆమె పట్టికను రెండు వరుసలుగా రాసి ఇన్‌చార్జి ముందు పెట్టింది.

"ఎలా విడదీశారు?"

"చెవితో, సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చెవితోనా? రిపోర్టులో ఏమని రాయమంటారు? మా రేకులక్క చెవి చెప్పిందనా? ఇది పరీక్షశాల మేడం, పాటల పోటీ కాదు."

"ఏది ఏదో తెలిసిన పట్టీలు నాలుగు ఉన్నాయి సార్, రెండు మూల తెంపినవి. వాటితో పోల్చాను. కావాలంటే యంత్రం పెట్టి మోత కొలిపించండి. లేదంటే కొత్త రేకు కోసి మళ్ళీ చేద్దాం."

"మూలలు తెంపొద్దన్నాను కదా, మరి ఆ రెండు ఎక్కడివి?"

ఆయన పట్టికను మడిచి పక్కన పెట్టాడు. గొంతు మెత్తబరిచాడు. "చూడండి, మొత్తం మీద రేకు బాగుంది. ఏవో కొన్ని పట్టీలు పగిలాయని గోల చేస్తే ముందు మార్కర్ సంగతి బయటికొస్తుంది. పట్టీలు కోసింది మీరు, ముంచింది మీరు. ఆలోచించుకోండి. సంతకం పెట్టేయండి."

మొత్తం మీద. ఇంట్లో వినే మాట ఇక్కడ వినపడగానే ఆమెకు ఒక విషయం తట్టింది. ఇన్నాళ్ళూ తనను ఎటు వంచితే వంగుతుందో అటే వంచుతూ వచ్చారు. వంగినప్పుడల్లా "మన అమ్మాయి సర్దుకుపోతుంది" అన్నారు. అడ్డంగా వంచి చూసినవాళ్ళు లేరు. అందుకే ఎక్కడ పగులుతుందో ఎవరికీ తెలియదు. తనకు కూడా.

"ఆలోచించి పెడతాను సార్" అన్నది. పదిహేడేళ్ళలో చివరికి "సరే సార్" అనకపోవడం అదే మొదటిసారి.

అది జరిగి నాలుగు రోజులు. ఐదో రోజైన ఈ ఉదయం ఆమె పరీక్షశాల చేరి, రెండు వరుసల పట్టిక నకలు ఒకటి ఫైలులో పెట్టించాలని నేరుగా రికార్డుల విభాగానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తాల్లో ఆమె భర్త ఒకడు. బయటికి వెళ్ళే ప్రతి రిపోర్టూ ఆయన బల్ల మీదుగానే వెళుతుంది. ఆయన టీకి వెళ్ళినట్టున్నాడు, కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ఫైలు తానే తీసి తెరిచింది.

రిపోర్టు నకలు అందులో ఉంది. పంపిన తేదీ నిన్నటిది. ఒకే వరుస, నలభై పట్టీలు, సగటు ఎనభైమూడు. కింద పరీక్షించినవారు అన్న చోట ఆమె సంతకం ఉంది.

ఆమె ముందు తన మీదే అనుమానపడింది. ఏ హడావిడిలోనో పెట్టేశానా? ఇంటిపని, ఆఫీసుపని కలిసిపోయి తలుపు తాళం వేశానో లేదో గుర్తుండని రోజులు చాలా ఉన్నాయి. కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. మొదటి అక్షరం గుండ్రంగా, చివరి గీత నిటారుగా. తడబాటు లేదు. తన సంతకం కన్నా బాగుంది. అంత ఒడుపుగా తన సంతకం పెట్టగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

ఆ రోజు పని ఎలా చేసిందో ఆమెకు తెలియదు. చేసింది మాత్రం నిజం. కొలతలు తీసింది, తొట్టి కడిగింది, ఇన్‌చార్జి ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన చిన్నగా తల ఊపాడు, సమస్య తీరిపోయిన మనిషిలా.

సాయంత్రం ఆరింటికి భర్త హాల్లో పాత పేపరు పరుచుకుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. పక్కగదిలో అత్తగారు పడుకుని ఉంది. ఆమె సంచి భుజం మీంచి దించకుండానే అడిగింది.

"రిపోర్టు మీద నా సంతకం మీరు పెట్టారా?"

"ఏ రిపోర్టు? ఓ, అదా!" ఆయన తల ఎత్తలేదు. "నాలుగు రోజులుగా నీ దగ్గర ఆగిపోయిందట. మీ ఇన్‌చార్జి స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చి అడిగాడు. ఎంత నామోషీ! పెళ్ళాం చేత ఒక సంతకం పెట్టించలేనివాడికి సెక్షన్ ఎలా అప్పగిస్తారనుకున్నావ్? వచ్చే నెలే కదా ప్రమోషన్‌కి పేర్లు చూసేది."

"నేను పెట్టనన్నాను."

"పెట్టనన్లేదు. ఆలోచిస్తానన్నావట. నీకు ఆలోచన తప్పించాను, అంతే." తన మాటకు తానే నవ్వుకున్నాడు.

"తప్పండీ అది. నేను చూడనిదాన్ని చూశానని రాశారు."

"ఇప్పుడు తప్పయిందా?" అప్పుడు తలెత్తాడు. కోపం లేదు ఆయన ముఖంలో. నిజమైన ఆశ్చర్యం ఉంది. "పిల్ల బడి కాగితాల మీద, గ్యాసు కాగితాల మీద, ఇంటి కాగితాల మీద పద్నాలుగేళ్ళుగా నీ సంతకం ఎవరు పెడుతున్నారు? నీకు తీరిక లేదని నేనే కదా చూసుకుంటోంది. ఒక్కసారైనా తప్పన్నావా? 'పోనీలెండి, పెట్టేయండి' అన్నదెవరు?"

ఆయన చెప్పింది నిజం. మొదటిసారి ఆయన ఆమె సంతకం పెట్టిన రోజు ఆమెకు గుర్తుంది. ఒక చేతిలో గరిటె, చంకలో పాప. "నువ్వెక్కడికి రావాలి, నేనే గీసేస్తాలే" అన్నాడు. అది ప్రేమ అనుకుంది. ఆ తరువాత ఇల్లు మారాలని రాసిన దరఖాస్తు మీద, తన పై చదువు మానుకుంటున్నానని తెలిపిన ఉత్తరం మీద కూడా అదే సంతకం వెళ్ళింది. ఆ ఉత్తరం వెళ్ళాక రెండు రోజులకు ఆయన ఆమెకు చెప్పాడు. ప్రతిసారీ ఒక పని తగ్గిందనుకుంది. తగ్గింది పని కాదని ఇప్పుడు తెలిసింది.

"విరుగుతాయండీ" అంది.

"ఏవి?"

"అడ్డంగా కోసినవి. ఎవరి దవడలోనో, ఎవరి చేతిలోనో."

"అబ్బా, మళ్ళీ మొదలా! మొత్తం మీద..." అని ఆయన ఏదో చెప్పబోయి, బొటనవేలి గోరు గట్టిగా ఉండడంతో ఆ మాట అక్కడే వదిలేశాడు.

గోళ్ళు తీసుకోవడం అయ్యాక పేపరు అక్కడే ఉంచి లేచాడు. ఆమె దాన్ని మడిచి చెత్తబుట్టలో వేసింది. నేల మీద పడిన రెండు గోరుముక్కలను వేలితో ఏరింది. ఏరుతూ, ఎందుకు ఏరుతున్నానని అనుకుంది. అయినా ఏరింది.

మరునాడు ఆమె సెలవు పెట్టింది. భర్త వెళ్ళిపోయాక అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వుతోంది. పల్చబడిన తెల్లజుట్టు దువ్వెనకు చిక్కకుండా జారిపోతోంది.

"నిన్న సాయంత్రం విన్నాను" అన్నది అత్తగారు. "చెయ్యి విరిగింది గాని చెవులు బాగానే ఉన్నాయి."

ఆమె దువ్వెన ఆగలేదు.

"వాళ్ళ నాన్నా అంతే. నా పేరున ఏ కాగితం వచ్చినా ఆయనే గీసేసేవాడు. మా పుట్టింటివాళ్ళు నాకిచ్చిన ఇంటి కాగితం కూడా అలాగే పోయింది. నాకు సంతకం రాదనుకునేవాళ్ళు అందరూ. చివరికి నా కొడుకు కూడా అలాగే అనుకున్నాడు."

"మీకు వచ్చా అత్తయ్యా?"

"ఎందుకు రాదు? పెళ్ళికి ముందు పలక నిండా రాసి రాసి నేర్చుకున్నాను. చివర ఒక తోక తిప్పేదాన్ని, జడ కొసలాగా. మా నాన్న చూసి, కలెక్టరు సంతకంలా ఉందే అన్నాడు." అత్తగారు కుడిచేతిని ఒళ్ళోంచి కొంచెం ఎత్తి, గాలిలో ఏదో తిప్పబోయింది. ముంజేయి సగం దాకా తిరిగి ఆగిపోయింది. "ఎవరూ అడగలేదు, నేను పెట్టలేదు. ఇప్పుడు పెడదామన్నా చెయ్యి తిరగదు."

ఆమె జుట్టును మూడు పాయలుగా విడదీసింది. తరువాత అత్తగారు మచ్చ ఉన్న చోట ఎడమచేతి వేలితో నొక్కుకుంటూ అడిగింది.

"నా చేతిలో రేకు ఎటు కోసిందే, అమ్మాయ్?"

"తెలియదత్తయ్యా."

"ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు."

అత్తగారు తల ఊపింది, ఎప్పుడో తెలిసిన సంగతి మళ్ళీ విన్నట్టు. ఆపైన, "నువ్వేం చేస్తావో నాకు చెప్పొద్దు" అన్నది. "ఏం చేసినా నా కొడుకు కూడు పోకుండా చూడు."

అది తన చేతిలో లేదని ఆమె చెప్పలేదు. జడ అల్లి, కొసకు ముడి వేసి, లేచింది.

భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. కంపెనీ తనిఖీ విభాగానికి ఉత్తరం. పట్టీల సంగతి, మార్కర్ సంగతి, "సరే సార్" అన్న తన తప్పు సంగతి, రెండు వరుసల కొలతలు, అన్నీ అర్ధగంటలో రాసింది. "రిపోర్టు మీద ఉన్న సంతకం నాది కాదు" అన్న వాక్యం రాసి ఆగింది. అక్కడితో ఆపవచ్చు. ఎవరిదో వాళ్ళే తేల్చుకుంటారు. ఆయన పేరు తన చేతి మీదుగా వెళ్ళదు. అలా ఆపితే ఉత్తరం అబద్ధం కాదు. మొత్తం మీద నిజమే అవుతుంది.

ఆ మాట మనసులో వినపడ్డాక ఆమె తరువాతి వాక్యం రాసింది. "అది నా భర్త పెట్టినది. ఇంతకుముందు చాలాసార్లు నా అనుమతితో, కొన్నిసార్లు నాకు తెలియకుండా ఆయన నా సంతకం పెట్టారు. ఈసారి నేను పెట్టనని నిశ్చయించుకున్నది పెట్టారు."

రాసినదాన్ని మళ్ళీ చదవలేదు. దీనివల్ల మంచి జరుగుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ రేకు మీద ఇప్పటికే ప్లేట్లు కోయడం మొదలై ఉండవచ్చు. ఈ ఉత్తరం ఏదో బల్ల సొరుగులో పడి ఉండవచ్చు. ఇన్‌చార్జి తేలిగ్గా తప్పించుకుంటాడు. ముందు పోయేది తన ఉద్యోగం, తరువాత ఆయనది, ఆ తరువాత ఈ ఇల్లు. ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది, కట్టుకున్నవాడిని పట్టించిందని. హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్ చేసి ఏమంటుందో ఊహించడానికి కూడా ధైర్యం చాలలేదు. ఎటు చూసినా వెలుగు కనిపించలేదు. అయినా లేచి చెప్పులు వేసుకుంది.

సంచిలో పది పగిలిన పట్టీలు ఉన్నాయి. మూల తెంపిన రెండు మంచి పట్టీలు ఉన్నాయి. నిన్న సాయంత్రం పరీక్షశాల నుంచి వచ్చేటప్పుడు సొరుగు తెరిచి వాటిని సంచిలో వేసుకున్నది ఎందుకో అప్పుడు ఆమెకే తెలియదు. బయటికి తేవడం నియమాలకు విరుద్ధం. ఆ సంగతి కూడా ఉత్తరంలో చివర రాసింది.

పార్సిల్ ఆఫీసు రెండు వీధుల అవతల. అక్కడ ఉత్తరాన్నీ పట్టీలనూ ఒక అట్టపెట్టెలో పెట్టించింది. ఫ్యాను కింద ఒక అమ్మాయి పెట్టె తూచి, ముద్ర వేస్తూ అడిగింది.

"లోపల ఏముందండీ?"

"పగిలిన రేకులు."

"పగిలినవి పంపుతున్నారా? చూడండి మరి, రేపు అక్కడ తెరిచి, మేమే పగలగొట్టామని మా మీదికి రాకూడదు."

"పగిలినవి పగిలినట్టు చేరితే చాలమ్మా."

అమ్మాయి నవ్వి రసీదు పుస్తకం ఇటు తిప్పింది. "ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె కలం అందుకుంది. మొదటి అక్షరం గుండ్రంగా తిరగబోయి కాగితానికి తాకకముందే ఆగింది. ఆ వంపు ఇప్పుడు తనది కాదు. తనకన్నా బాగా పెట్టగలిగినవాడి దగ్గర ఉండిపోయింది. వెనక ఎవరో అసహనంగా దగ్గారు. ఆమె తన పేరును మొదటి నుంచి చివరి దాకా, ఒక్కొక్క అక్షరమూ విడిగా, పలక మీద దిద్దినట్టు రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. దిద్దలేదు.

అమ్మాయి రసీదు చింపి ఇచ్చి, పెట్టెను ఎత్తి వెనక ఉన్న సంచిలోకి విసిరింది. పడినప్పుడు లోపలి పట్టీలు ఒకదానికొకటి తగిలి సన్నగా, కాస్త హెచ్చు స్వరంలో మోగాయి. అడ్డంగా కోసినవి. ఆమె చెవికి అనుమానం లేదు.